మార్కులు పక్కన పెట్టి చూద్దాం: ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంగ్లీషు ఎంత వచ్చో తెలుసుకునే పద్ధతి

ఇంగ్లీషులో వందకు 82 తెచ్చుకున్న ఏడో తరగతి పిల్లాడి ముందు పాఠ్యపుస్తకంలో లేని నాలుగు వాక్యాలు పెట్టి చూడండి. చాలామంది నోరు మెదపరు. ఆ మార్కులు దొంగవేం కావు, కష్టపడి తెచ్చుకున్నవే. కాకపోతే పాఠం చివరి ప్రశ్నలే పేపర్లో వచ్చాయి, వాటి జవాబులు గైడులో ఉన్నాయి, గైడు వాడికి నోటికొచ్చు. ఆ పేపరు వాడి జ్ఞాపకశక్తిని కొలిచింది. ఇంగ్లీషు ఎంత వచ్చో తెలియాలంటే వేరే పరీక్ష పెట్టాలి.

ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు (బడిలో పెట్టే ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు) ఎలాగూ జరుగుతాయి, వాటి దారి వాటిది. ఇక్కడ చెప్పేది టీచరు తన కోసం తాను పెట్టుకునే పరీక్ష గురించి. గోదావరి డెల్టాలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ, ట్యూషన్ చెప్పేవాళ్లకూ, ఇంట్లో పిల్లల చదువు చూసుకునే తల్లిదండ్రులకూ పనికొస్తుంది. కావలసిన సరంజామా పెద్దగా ఏం లేదు: కొన్ని జిరాక్స్ కాగితాలు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక నోట్‌బుక్కు. నలభై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చుంటే దాదాపు పది పిరియడ్లు పోతాయి. పోనివ్వండి. ఆ పది పిరియడ్లలో తెలిసేది ఏడాదంతా పేపర్లు దిద్దినా తెలియదు.

1. ఏం కొలుస్తున్నారో ముందే తేల్చుకోండి

వినడం, చదవడం, మాట్లాడటం, రాయడం. ఈ నాలుగూ వేర్వేరుగా పెరుగుతాయి. కాన్వెంట్ నుంచి వచ్చిన పిల్ల గడగడా చదివేస్తుంది, చదివిందేమిటో చెప్పమంటే తెల్లమొహం వేస్తుంది. దాని పక్కనే కూర్చున్న రొయ్యల చెరువు కాపలాదారు కొడుకు యూట్యూబ్ చూసి చూసి మాటలు బాగా పట్టుకుంటాడు, రాయమంటే ఒక్క స్పెల్లింగూ కుదరదు. ఇద్దరికీ కలిపి ఒకటే మార్కు వేస్తే ఇద్దరికీ అన్యాయమే.

కాబట్టి నాలుగు విడి పరీక్షలు, నాలుగు విడి ఫలితాలు. వాటిని కూడొద్దు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా అమరిక మాత్రమే.

రెండో నియమం: పిల్లలు ఇదివరకు చూసింది ఏదీ ఈ పరీక్షలోకి రాకూడదు. పాఠం, గైడు, పాత ప్రశ్నపత్రం, బోర్డు మీద మీరు రాసిన వ్యాసం, ఏదీ. చూసినది వస్తే మళ్లీ జ్ఞాపకశక్తి పరీక్షే అయి కూర్చుంటుంది.

స్థాయిలకు పేర్లు కావాలనుకుంటే ఐరోపా మండలి 2001లో ప్రచురించిన ఆరు మెట్ల కొలబద్ద ఉంది: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. ఏ1 అంటే తన గురించి, తన చుట్టుపక్కల గురించి చిన్న చిన్న మాటలతో నెట్టుకురాగలగడం. ఏ2 అంటే రోజువారీ పనుల మీద సూటిగా సమాచారం ఇచ్చిపుచ్చుకోగలగడం. బీ1కి వస్తే జరిగింది వరసగా చెప్పగలరు, తన అభిప్రాయానికి కారణం ఇవ్వగలరు. మన ఆరో తరగతిలో ఏ1 కంటే కింద ఉన్నవాళ్లు, ఏ2 దాటబోతున్నవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. తరగతి మొత్తానికి ఒకే పేపరు ఇస్తే సగం మందికి అది ఏమీ చెప్పదు. అందుకే కిందివన్నీ సులువు నుంచి కష్టానికి మెట్లుగా వెళ్తాయి, ఎవరు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆపేస్తాం.

2. రోజు, చోటు

బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. మొదటి వారం పిల్లలు ఇంకా వేసవి సెలవుల్లోనే ఉంటారు, పుస్తకాలూ అందరికీ చేరవు. నెలాఖరు మంచి సమయం. జులై, ఆగస్టుల్లోకి జరిపితే గోదావరికి వరద తగులుతుంది, లంక గ్రామాల పిల్లలు సగం మంది రారు. రెండోసారి దసరా సెలవులకు ముందు. మూడోది సంక్రాంతి తర్వాత, అదీ వెంటనే వద్దు. జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి వచ్చిన పిల్లల బుర్రలు క్లాసులో పడటానికి ఓ వారం కావాలి. సఖినేటిపల్లి వైపు బడులైతే మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజులు కూడా చూసుకోండి.

చోటు విషయంలో ఒక్కటే. స్టాఫ్ రూము, హెడ్‌మాస్టరు గది వద్దు. అక్కడికి పిలిచారంటే తిట్టడానికేనని పిల్లల లెక్క. లైబ్రరీ మూలో, వరండా చివరో చాలు. పిల్లల వీపు క్లాసు వైపు ఉండాలి, లోపల్నుంచి స్నేహితులు సైగలు చేయకుండా. అయిపోయినవాళ్లు కానివాళ్లలో కలవకుండా గ్రౌండుకో, వేరే గదికో పంపండి. లేకపోతే మూడో పిల్లాడికల్లా ప్రశ్నలన్నీ తెలిసిపోతాయి.

మొదటి మాట తెలుగులోనే చెప్పండి. "ఇవి మార్కులు కావురా, ఎక్కడా వెయ్యను. నీకేం వచ్చో చూసి దాన్నిబట్టి పాఠం చెప్తాను. తెలీకపోతే తెలీదండీ అని చెప్పెయ్." ఈ మూడు ముక్కలకే సగం టెన్షన్ దిగిపోతుంది.

3. ఇంగ్లీషు కంటే ముందు తెలుగు చదివించండి

ఇది చాలామంది చేయరు. రెండు నిమిషాల పని. మూడో తరగతి స్థాయి తెలుగు పేరా ఒకటి ఇచ్చి బయటికి చదవమనండి. తెలుగు హాయిగా చదివి ఇంగ్లీషు దగ్గర ఆగిపోతే అది ఇంగ్లీషు సమస్య. తెలుగులోనూ అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే సమస్య చదవడంలోనే ఉంది, ఆ పిల్లకి ఇంగ్లీషు వ్యాకరణం ఎంత నూరిపోసినా లాభం లేదు. వైద్యం వేరు.

అప్పుడే కళ్లు కూడా గమనించండి. కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నా, ఒక కన్ను మూస్తున్నా, వరస మారినప్పుడు తడబడుతున్నా ముందు కంటి పరీక్ష. పేరు పిలిస్తే రెండోసారికి గానీ పలకకపోతే చెవి. "చదువు రాదు" అని ముద్ర పడ్డ పిల్లల్లో కళ్లజోడు లేనివాళ్లు ఉంటారు.

4. బయటికి చదివించడం

చదువు పరీక్ష రెండు భాగాలు. మొదటిది అక్షరాన్ని మాటగా మార్చగలరా అన్నది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి నడుపుతున్న అసర్ అనే పిల్లల చదువు సర్వేలో ఇంగ్లీషుకు వాడే వరస మనకు సరిగ్గా సరిపోతుంది: పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, చిన్న చిన్న మాటలు, చివరికి తేలిక వాక్యాలు. అయిదింట నాలుగు సరిగ్గా చదివితే పై మెట్టు. మాటలు, వాక్యాలు చదివాక వాటి అర్థం కూడా అడుగుతారు. మీరూ అడగండి, అర్థం తెలుగులో చెప్పినా ఒప్పుకోండి.

వాక్యాలు దాటినవాళ్లకు 120 మాటల పేరా ఇవ్వండి. ఫోన్లో టైము పెట్టండి. మీ చేతిలో అదే పేరా ఇంకో కాపీ ఉండాలి, తప్పు చదివిన మాట మీద గీత పెడుతూ పోవడమే. మూడు సెకన్లు ఆగిపోతే మాట అందించండి, అది తప్పుగా లెక్కపెట్టండి. తనే సర్దుకుని సరిగ్గా చదివితే తప్పు కాదు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఎలా పలికినా తప్పు కాదు.

లెక్క ఇలా. ఒక అమ్మాయి 120 మాటలు 96 సెకన్లలో చదివింది, 14 తప్పులు. సరిగ్గా చదివినవి 106. నూట ఇరవైలో 106 అంటే 88 శాతం. వేగం నిమిషానికి 66 మాటలు. వీటిలో ముందు చూడాల్సింది శాతాన్ని. 95 పైన ఉంటే ఆ స్థాయి పుస్తకం సొంతంగా చదువుకోగలరు. 90 నుంచి 94 అయితే టీచరు పక్కనుంటే చదవగలరు. 90 కంటే తక్కువైతే ఆ పుస్తకం వాళ్లకు బరువు. ఈ అమ్మాయికి ఇంకాస్త తేలికది ఇచ్చి మళ్లీ చూడాలి. వేగానికి అమెరికా పిల్లల పట్టికలు ఇంటర్నెట్లో దొరుకుతాయి. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం వేసినవి అవి, మనవాళ్లను వాటితో కొలవద్దు. జూన్‌లో 66 చదివిన పిల్ల ఫిబ్రవరిలో ఎంత చదివిందన్నదే మన లెక్క.

5. అర్థమైందా లేదా

రెండో భాగం మౌనంగా చదివి జవాబు చెప్పడం. ఇక్కడ పేరా రాయడంలోనే పనంతా ఉంది, కాస్త తీరిగ్గా కూర్చుని రాసుకోండి.

దొరికిన పేరాలు తెచ్చి పెడితే మంచు, యాపిల్ తోటలు, సబ్‌వే రైళ్లు వస్తాయి. మంచు ఎలా ఉంటుందో తెలియకపోవడం ఇంగ్లీషు రాకపోవడం కాదు కదా. అందుకని ఊరి సంగతులే తీసుకుందాం. కానీ అందులోనూ ఒక చిక్కుంది: మరీ తెలిసిన సంగతి అయితే పేరా చదవకుండానే జవాబు చెప్పేస్తారు. "కొబ్బరికాయల నుంచి ఏం తీస్తారు?" అని అడిగితే కోనసీమలో పేరా ఎవడికి కావాలి?

కాబట్టి చోటు తెలిసినది, జరిగింది తెలియనిది ఉండాలి. నేను వాడే పేరా ఒకటి చెప్తాను. లక్ష్మి సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం బయల్దేరింది. లేసు అల్లడానికి మామ్మకు తెల్ల దారం కావాలి. పెళ్లివారి వ్యాను రేవులో బురదలో దిగబడటంతో పంటు ఆలస్యమైంది. లక్ష్మి చేరేసరికి దారం కొట్టు కట్టేశారు. ఉత్త చేతులతో రాలేక ఒక టార్చిలైటు కొనుక్కొచ్చింది. మామ్మ టార్చి వెలిగించి చూసి, "బావుందే, ఇప్పుడు మనింట్లో లేని దారం బాగా కనబడుతుంది" అంది. ఇదంతా చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో, వాక్యానికి ఎనిమిది పది మాటలు మించకుండా.

ప్రశ్నలు నాలుగు రకాలు. పంటు ఎందుకు ఆలస్యమైంది: పేరాలోనే ఉంది, వెతుక్కుంటే చాలు. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది: వరస పెట్టమనాలి. దిగబడటం అన్న మాటకు అర్థమేమిటి: ఆ ఇంగ్లీషు మాట తెలియకపోయినా చుట్టూ ఉన్న బురద, ఆలస్యం చూసి ఊహించగలగాలి. నాలుగోది అసలైనది: మామ్మకు కోపం వచ్చిందా, ఎలా చెప్పగలవు? దీనికి పేరాలో వాక్యం దొరకదు. కాపీ కొట్టి రాయడానికి అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడ చివరి వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసేస్తారు. నిజంగా అర్థమైన పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు కూడా నోట్ చేసుకోండి.

కొత్త మాటలు నూటికి రెండు మూడు మించకూడదు. ఎవరి సాయం లేకుండా అర్థం కావాలంటే దాదాపు 98 శాతం మాటలు తెలిసి ఉండాలని పదజాలం మీద పనిచేసిన పరిశోధకులు తేల్చారు. తరగతికి పెట్టే ముందు ఒక పని చేయండి. వేరే సెక్షన్ పిల్లలు నలుగురికి పేరా ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రమే ఇవ్వండి. వాళ్లు సరిగ్గా చెప్పేసిన ప్రశ్నను తీసి అవతల పారేయండి.

జవాబులు తెలుగులో రాసినా మార్కులివ్వాలా? ఇవ్వాలి. ఇక్కడ కొలుస్తున్నది చదివి అర్థం చేసుకోవడాన్ని. రాత పరీక్ష వేరే ఉంది.

6. వినికిడి

ఇది క్లాసు మొత్తానికి ఒకేసారి పెట్టొచ్చు, తెల్లకాగితం చాలు. మీరు ఇంగ్లీషులో చెప్తుంటే వాళ్లు బొమ్మ గీయాలి. అడ్డంగా ఒక కాలవ గీయండి. కాలవ మీద వంతెన. వంతెనకు ఎడమ పక్క రెండు పడవలు, చిన్న పడవలో ఒక మనిషి. పెద్ద కొబ్బరి చెట్టు వెనక గుడి. చెట్టుకు మూడు కాయలు గీయండి.

ఒక్కో సూచన రెండుసార్లు, మామూలు వేగంతో చెప్పండి. మరీ సాగదీసి, ఒక్కో మాట విరిచి విరిచి చెప్తే పరీక్ష పాడవుతుంది. చేతులతో చూపించడం అస్సలు వద్దు, మనకు తెలియకుండానే ఎడమ అన్నప్పుడు చెయ్యి ఎడమకు పోతుంది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడండి. ఎడమ కుడి, ముందు వెనక, చిన్న పెద్ద, ఎన్ని అన్నవన్నీ బొమ్మలోనే తేలిపోతాయి. దిద్దడం కూడా నిమిషంలో అవుతుంది. బొమ్మ అందంగా వచ్చిందా లేదా మనకక్కర్లేదు. ఎవరి కాగితం వాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకునేలా కూర్చోబెట్టండి, బొమ్మ కాపీ కొట్టడం జవాబు కాపీ కొట్టడం కంటే తేలిక.

7. మాట

అన్నిటికంటే తక్కువ పెట్టేదీ, ఎక్కువ చెప్పేదీ ఈ పరీక్షే. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని మాత్రం అడగకండి. "మైసెల్ఫ్" అని మొదలుపెట్టి పేరు, ఊరు, తండ్రి పేరు, బడి పేరు, పెద్దయ్యాక డాక్టరో కలెక్టరో అవుతాననడం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. మధ్యలో ఆపి "మీ ఇంట్లో చేపలు ఎవరు కొంటారు?" అని ఇంగ్లీషులో అడిగితే అప్పుడు అసలు పిల్లాడు బయటికొస్తాడు. ఒక ఎనిమిదో తరగతి అబ్బాయితో మాటలు ఇలా నడిచాయి:

"హూ బైస్ ఫిష్ ఇన్ యువర్ హౌస్?"

"మై ఫాదర్ బై సార్. ఐ ఆల్సో గో."

"హౌ డు యు నో ద ఫిష్ ఈజ్ ఫ్రెష్?"

కాసేపు ఆగాడు. చెవి దగ్గర వేళ్లు పెట్టి ఏదో పైకెత్తినట్టు చూపించాడు. "దిస్ ఓపెన్ సార్. ఇన్‌సైడ్ రెడ్, గుడ్. ఇన్‌సైడ్ బ్లాక్, నో బై."

"ఇఫ్ ద మ్యాన్ సేస్ బ్లాక్ ఈజ్ ఆల్సో గుడ్?"

"ఆయ్... హి టెల్ లై సార్. వి గో అనదర్ మ్యాన్."

మొప్ప అన్న మాటకు వాడి దగ్గర ఇంగ్లీషు లేదు. అయినా ఆగిపోలేదు, చేత్తో చూపించి పని జరిపించుకున్నాడు. అనుకోని ప్రశ్నకు కారణం కూడా చెప్పాడు. వాక్యాలు చూస్తే చాలావరకు సరిగ్గా లేవు. ఇలాంటివాడికి ఒకే మార్కు ఎలా వేస్తారు? నాలుగు గళ్లు పెట్టుకుని ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వేయండి: అడిగింది అర్థమైందా, తను అనుకున్నది చెప్పగలిగాడా, వాక్యం కట్టగలడా, వినేవాళ్లకు తెలిసేలా పలికాడా. ఈ అబ్బాయికి నేను వేసింది 3, 3, 1, 2. ఎవరైనా 1 మాత్రమే చూస్తే వీడు వెనకబడ్డవాడు.

ప్రశ్న అడిగాక అయిదు సెకన్లు నోరు మూసుకోండి. టీచర్లకు ఇది కష్టమైన పని. ఇంకా ఆలోచిస్తుండగానే మనమే మాట అందించేస్తాం, వాడు గంగిరెద్దులా తలాడిస్తాడు, మనం అర్థమైందనుకుంటాం.

అస్సలు మాట్లాడని పిల్లలకు సున్నా వేసి పంపకండి. ఇద్దరిని జతగా పిలవండి. దాదాపు ఒకేలా ఉండే రెండు సంత బొమ్మలు చెరొకటి ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా తేడాలు కనుక్కోమనండి. పెద్దల ముందు పెదవి విప్పని ఆడపిల్లలు స్నేహితురాలితో పోట్లాడేటప్పుడు ఇంగ్లీషులో కూడా పోట్లాడేస్తారు.

తెలుగు నుంచి వచ్చే తప్పులను విడిగా గుర్తు పెట్టుకోవాలి. ఇస్కూల్, ఇస్టేషన్, యెగ్గు, బుక్కు: ఇవన్నీ మన నోటి అలవాట్లు. వినేవాళ్లకు తెలిసినంతవరకు మార్కు తగ్గించొద్దు. "మై ఫాదర్ ఫార్మర్" అన్నాడంటే "మా నాన్న రైతు" అన్నప్పుడు మనకు క్రియ అక్కర్లేదు గనక. అక్కను పట్టుకుని "ఇట్" అన్నాడంటే, తెలుగులో అక్క వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, అన్నిటికీ ఒకే క్రియ. "షి", "ఇట్" తేడా చూసుకోవాలన్న అలవాటు ఇంకా పడలేదు. ఏ, ద లాంటివి చివర్లో వస్తాయి, వాటి గురించి ఆరో తరగతిలో బెంగపడక్కర్లేదు. ఇలాంటి తప్పు తరగతిలో ముప్పై మంది చేస్తుంటే అది ఒక పాఠానికి సరిపడే విషయం. ఒక్కడే చేస్తుంటే వాడితో విడిగా మాట్లాడాలి.

ఒక తప్పు మాత్రం పరీక్ష పెట్టేవాళ్లదే అవుతుంది. "డిడ్ నాట్ యు గో టు భీమవరం?" అని అడిగితే వెళ్లని పిల్ల "యస్ సార్" అంటుంది. "అవునండీ, వెళ్లలేదు" అని దాని ఉద్దేశం. వ్యతిరేకార్థంలో ప్రశ్నలే అడగకండి.

8. రాత

వ్యాసం ఇవ్వొద్దు. మై విలేజ్, మై బెస్ట్ ఫ్రెండ్, రైనీ డే అన్నీ నోటికొచ్చినవే. అవసరం ఉన్న రాత ఇవ్వండి: నీ సైకిల్ పోయింది, దొరికినవాళ్ల కోసం బడి నోటీసు బోర్డుకు ఒక చీటీ రాయి. ఎలా ఉంటుంది, ఎక్కడ పెట్టావు, దొరికితే ఎవరికి ఇవ్వాలి.

ఇల్లు, అమ్మ మీద రాయమనేటప్పుడు కాస్త ఆలోచించండి. కోనసీమలో ఏ క్లాసులో చూసినా తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలు ఉంటారు. "మా అమ్మ పొద్దున్నే ఏం చేస్తుంది" అన్న ప్రశ్న వాళ్లకు ఇంగ్లీషు పరీక్ష కాకుండా పోతుంది.

సైకిల్ చీటీ ఒకటి ఇలా వచ్చింది: "మై సైకిల్ మిస్. ఇట్ కలర్ బ్లూ. బెల్ నో. ఐ కీప్ నియర్ టెంపుల్. యు సీ, గివ్ సెవెంత్ బి క్లాస్." ఎర్ర పెన్ను పట్టుకుంటే కాగితం నిండిపోతుంది. కానీ ఈ చీటీ చదివి సైకిల్ తెచ్చివ్వొచ్చు. సమాచారం చేరిందా అన్న గడిలో 3. వాక్య నిర్మాణంలో 1. స్పెల్లింగు, దస్తూరి విడి గడుల్లో. దస్తూరి ముత్యాల్లా ఉందని మిగతా గడుల్లో మార్కు పెరగకూడదు, ఇది చెప్పినంత సులువు కాదు.

అందుకే పది కాగితాలు తీసి, మార్కులు కనబడకుండా ఇంకో టీచరుతో దిద్దించండి. ఇద్దరి లెక్కలూ ఒక మెట్టు కంటే ఎక్కువ తేడా వచ్చిన కాగితాల మీద కూర్చుని మాట్లాడుకోండి. బడిలో ఇంగ్లీషు టీచరు ఒక్కరే ఉంటే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి పట్టుకెళ్లండి, అక్కడ దొరుకుతారు.

9. వ్యాకరణం, పదజాలం

విడిగా పేపరు అక్కర్లేదు. పేరాలో మొదటి వాక్యం అలాగే ఉంచి, తర్వాత ప్రతి ఏడో మాట తీసేసి ఖాళీ పెట్టండి. పిల్లలు నింపాలి. క్లోజ్ టెస్ట్ అంటారు, విల్సన్ టేలర్ 1953లో మొదలుపెట్టాడు. అర్థం, వాక్యం కుదిరిన ఏ మాటైనా సరే ఒప్పుకోండి. ఖాళీలు పదిహేను ఇరవై ఉంటే చాలు. యాక్టివ్ వాయిస్ మార్చమనడం, రిపోర్టెడ్ స్పీచ్ మార్చమనడం ఎస్‌ఏల్లో ఉండనే ఉన్నాయి.

10. ఫలితం రాసుకోవడం, వాడుకోవడం

ఒక్కో పిల్లకి ఒక వరస: పేరు, తెలుగు చదువు, తర్వాత వినడం, చదవడం, మాట, రాత. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. 3-2-3-1 అంటే వినడం బావుంది, మాట బావుంది, రాత పట్టించుకోవాలి. 1-3-1-2 అంటే పుస్తకాల పిల్ల, చెవికి నోటికి పని చెప్పాలి. ఇద్దరికీ మొత్తం కూడితే తొమ్మిది, ఏడు. ఆ తొమ్మిదితో ఏడుతో మీరు చేసేదేమీ లేదు.

చివర్న ఒక గడి ఖాళీగా ఉంచి అందులో ఒకే వాక్యం రాయండి: ఈ పిల్లతో వచ్చే నెల ఏం చేయాలి. ఆ గడి నింపలేకపోతే పరీక్ష ఎక్కడో సరిగ్గా జరగలేదని లెక్క.

తర్వాత జట్లు. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లకు రోజూ పావుగంట ధ్వనులు, చిన్న మాటలు. మాటలు చదివి వాక్యాల దగ్గర ఆగినవాళ్లకు జతగా చదువుకునే చిన్న కథలు. గడగడా చదివి అర్థం చెప్పలేనివాళ్లకు చదవడం తగ్గించి ప్రశ్నలు పెంచాలి. ఈ మూడో జట్టును చాలా బడుల్లో తెలివైన పిల్లలుగా లెక్కేసి వదిలేస్తారు. జట్లకు ఏ, బి, సి అని పేర్లు పెట్టకండి, సాయంత్రానికల్లా సి అంటే ఏమిటో ఊరంతా తెలిసిపోతుంది. గోదావరి పాయల పేర్లు ఉన్నాయి కదా, వశిష్ఠ, వైనతేయ, గౌతమి.

తల్లిదండ్రులకు సంఖ్యలు చెప్పొద్దు. "మీ అబ్బాయి చెప్పింది బాగా అర్థం చేసుకుంటున్నాడండీ, రాత దగ్గర ఆగుతున్నాడు. ఇంట్లో రోజూ రెండు వాక్యాలు రాయించండి, తప్పులు దిద్దక్కర్లేదు" అంటే చాలు. ఇంగ్లీషు రాని తల్లి కూడా ఆ పని చేయించగలదు.

బయటి పరీక్షల సంగతి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఈటీఎస్ అనే అమెరికా పరీక్షల సంస్థతో ఒప్పందం చేసుకుని బడుల్లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష పెట్టడంతో ఈ పేరు ఊరూరా తెలిసింది. హైస్కూలు పిల్లలకు ఉద్దేశించిన టోఫెల్ జూనియర్ స్టాండర్డ్ పరీక్షలో వినడం, భాషా రూపం, చదవడం అని మూడు భాగాలు, ఒక్కోదానిలో 42 ప్రశ్నలు. స్కోరు 600 నుంచి 900 దాకా. మాట, రాత అందులో ఉండవు, కాబట్టి చేపల అబ్బాయి సత్తా దానిలో కనబడదు. కేంబ్రిడ్జి వారి స్టార్టర్స్, మూవర్స్, ఫ్లయర్స్ పరీక్షల్లో పాస్, ఫెయిల్ లేవు. మూడు భాగాలకూ విడివిడిగా అయిదేసి షీల్డుల దాకా ఇస్తారు. చిన్న క్లాసుల పిల్లలకు ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. ఫీజు కట్టే స్తోమత, అవసరం ఉంటే రాయించండి, లేకపోతే లోటేమీ లేదు.

మళ్లీ పెట్టేటప్పుడు

పేరాలు, బొమ్మలు, రాత ప్రశ్నలు మూడేసి జతలు ముందే తయారు చేసుకోండి. జూన్‌లో వాడింది ఫిబ్రవరిలో వాడకూడదు, వచ్చే ఏడాది జూన్‌లో అసలే వాడకూడదు. ఏడో తరగతి అన్నయ్య ఆరో తరగతి చెల్లెలికి టార్చిలైటు కథ ఎప్పుడో చెప్పేసి ఉంటాడు. మూడు పేరాలూ ఒకే బరువు ఉండేలా మాటల సంఖ్య, వాక్యం పొడవు సరిచూసి, కొంతమంది పిల్లలతో మూడూ చదివించి చూడండి. ఒకటి మరీ తేలిగ్గా పోతే దాన్ని కింది తరగతికి ఇచ్చేయండి. పాత కాగితాలు పారేయకుండా కట్ట కట్టి బీరువాలో పెట్టండి, తల్లిదండ్రుల సమావేశంలో జూన్ నాటి సైకిల్ చీటీ, ఫిబ్రవరి నాటి చీటీ పక్కపక్కన పెట్టి చూపించడానికి అవే పనికొస్తాయి.